చనిపోయిన ప్రభువు చేసిన ప్రసంగం

జనన మరణ సంవత్సరాలు పొసగని జీవితచరిత్రను నేను నమ్మను. భూపాలపల్లి ప్రాంతంలో పంటల లెక్కలు చూసే ఉద్యోగం చేసినంత కాలం, చిట్యాల నుంచి వచ్చిన ప్రతి అంకెనూ రెండోసారి అడిగి తెలుసుకున్నాకే సంతకం చేశాను. మహబూబాబాద్‌లో స్థిరపడినా ఆ అలవాటు పోలేదు. జనగామలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న నా మనవరాలు, ఆ ఆదివారం తన వ్యాసాన్ని నా చేతిలో పెట్టింది అందుకే.

అది ఒక బ్రిటిష్ ప్రభువు గురించి: ఆయన వంశం, కోట, మంత్రి పదవి, పార్లమెంటు ప్రసంగాలు. మరునాడు తరగతిలో ఆమె దానిపై మాట్లాడాలి. బాగా మాట్లాడిన ఒక్కరినే హైదరాబాద్ సదస్సుకు పంపుతారు. ఆ ఒక్కరు తానే కావాలని ఆమె కోరిక.

రెండో పేజీలో ఆగిపోయాను.

"ఈయన చనిపోయినంక కూడ ప్రసంగం చేసిండు" అన్నాను.

"గదేంది తాతా?"

"ముందు పేజీల అంత్యక్రియలు. ఈ ప్రసంగం దాని తర్వాతి సంవత్సరాలది. పెండ్లేమో పుట్టకముందే అయింది."

ఆమె ఫోన్లో ఒక్కొక్కటీ సరిచూసింది. బిరుదు అదే, కోట అదే, సంవత్సరాలూ అవే.

"అంకెలన్నీ కరెక్టే. మనిషే ఎక్కడో తప్పిండు" అంది. కాసేపటికి కాగితాలు మడిచేసింది. "ఇగ నేను మాట్లాడ. నా పేరు కొట్టెయ్యమని సార్‌కు చెప్త."

తప్పు ఉందని నాకు తెలుసు, ఎక్కడుందో తెలియదు. ఇది నాకు అలవాటు లేని స్థితి.

వంటింట్లోంచి నా భార్య కేకేసింది. "అత్తా, రొట్టె సల్లారుతుంది, లెవ్వు!"

మనవరాలికి మా అమ్మ పేరు పెట్టాం. కోడలు అత్త పేరు పలకడం మా ఇంట్లో లేదు. కనుక నామకరణం నాటి నుంచీ నా భార్యకు ఈ పిల్ల 'అత్త'.

అప్పుడే పెరుగు తోడు కోసం వచ్చిన పక్కింటి కొత్త కోడలితో కూడా అదే ఫిర్యాదు. "మా అత్త అలిగి రొట్టె తింటలేదు."

ఆ అమ్మాయి గడపలోనే ఆగింది. "మీ అత్త ఉన్నదా అవ్వా? మొన్న ఫొటోకు దండేస్తివి గదా!"

"ఫొటోల ఉన్నామె నన్ను సతాయించి పోయింది. సరిపోలేదని మళ్లొచ్చి గిట్ల సతాయిస్తుంది."

ఇద్దరూ నవ్వారు. మనవరాలు నవ్వలేదు, మళ్లీ ఫోన్ అందుకుంది.

"తాతా, దండ ఒకరికి, రొట్టె ఇంకొకరికి. పిలుపేమో ఒక్కటే. ఈ ప్రభువులది కూడ గట్లనే ఉంటదా?"

అట్లాగే ఉంది. తండ్రి పోగానే బిరుదు పెద్దకొడుక్కు వస్తుంది. అంతవరకు వాడిన పేరు మరుగున పడి, లోకమంతా అతన్ని తండ్రిని పిలిచినట్లే పిలుస్తుంది. తాత, కొడుకు, మనవడు: ముగ్గురినీ మా పిల్ల ఒక్క మనిషిగా కుట్టేసింది. పైగా మనవడు బిరుదు రాకముందు సొంత పేరుతో దిగువ సభలో ఉన్నప్పటి సంగతులను ఎవరో వేరే బంధువుకు చెందినవని రాసుకుంది. మరణ సంవత్సరాలను హద్దురాళ్లుగా పెట్టుకుని, ఎవరి ప్రసంగం వారికి, ఎవరి పెళ్లి వారికి పంచాం. రొట్టె చల్లగానే తిన్నది.

మరునాడు మధ్యాహ్నం ఫోన్ చేసింది. "మొదలే నాయనమ్మ ముచ్చట చెప్పిన తాతా. అందరు నవ్విన్రు. సార్ నవ్వలే, ప్రశ్నలడిగిండు. ఆఖరికి నా పేరే రాసుకున్నడు."

సంతోషించి, నాకు మిగిలిన సందేహం ఒకటి అడిగాను. తండ్రి పోయిన రోజు పొద్దున ఒక పేరు, సాయంత్రానికి మరో పేరు. ఆ సాయంత్రం తల్లి కొడుకును భోజనానికి ఏమని పిలిచింది?

"అది ఎక్కడ దొరకలే తాతా. హైదరాబాద్‌ల అడుగుత."

ఫోన్ పెట్టగానే, "ఏమాయె?" అంది నా భార్య.

"మీ అత్త హైదరాబాద్ పోతున్నది."

"పోనియ్యి. బతికున్నప్పుడు ఎన్నడన్న తీస్కపోయినవా?"