బాలమణి జాతరకు పోయిన రెండు రోజులు

నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఇంట్లో పేరు. వదిన కొత్త చీర కొన్నా, పక్కింటావిడ అల్లుడితో గొడవపడినా, సాయంత్రానికల్లా నా వల్లనే వీధంతా తెలుస్తుంది. అలాంటిదాన్ని, ఒక్క గింజను మాత్రం పాతికేళ్లకు పైగా నోట్లోనే దాచుకున్నాను. మింగుదామంటే దిగదు, ఉమ్ముదామంటే రాదు. ఇవాళ మీకు చెబుతాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో. మావాళ్లెవరైనా చదివితే నన్ను పోల్చుకుంటారా? పోల్చుకుంటే ఏమంటారు? అది చూడాలని కూడా లోపల ఎక్కడో ఉంది.

నేను లైబ్రేరియన్ని. ఇప్పుడు వికారాబాద్‌లో, మొదట్లో తాండూరులో. ఏ లైబ్రరీ అని అడగకండి, ఆ గోడలు చేసిన తప్పేమీ లేదు.

కుర్చీలో ఉన్నది నేనే గానీ, ఉద్యోగం మాత్రం నా కళ్లముందే ఎన్ని వేషాలు మార్చిందో. మొదట పుస్తకాలు ఇచ్చి, పుచ్చుకునేదాన్ని. ఆలస్యంగా తెచ్చినవాళ్లను నాలుగు తిట్టేదాన్ని. తర్వాత కంప్యూటర్ వచ్చింది. బీరువాల్లో ఉన్న పుస్తకాలన్నిటినీ అందులోకి ఎక్కించమన్నారు. కళ్లు మండేదాకా ఎక్కించాను. ఆ పని పూర్తయ్యేసరికి ఆ పుస్తకాలు అడిగేవాళ్లే లేకుండా పోయారు. ఇప్పుడు వచ్చేదంతా పోటీ పరీక్షల పిల్లలు. గైడ్లు వాళ్లే తెచ్చుకుంటారు, నీళ్ల సీసా వాళ్లే తెచ్చుకుంటారు. నన్ను అడిగేది ఒక్కటే, ఫోన్ ఛార్జింగ్ ఎక్కడ పెట్టుకోవాలని. కుర్చీలు సర్దుతాను, గుసగుసలాడేవాళ్లను కసురుతాను, ఫ్యాను ఆగితే ఎలక్ట్రీషియన్ వెంట పడతాను. విసుగేమీ లేదు. మనుషుల్ని చూడడం నాకు ముందునుంచీ ఇష్టం. ఎవరు ఏ మూల కూర్చుంటారు, ఎవరు చదువుతున్నట్టు నటిస్తారు, ఇవన్నీ గమనించకపోతే నాకు తోచదు.

తాండూరులో చేరినప్పుడు నాది పర్మినెంటు కాదు. ఎప్పుడు పొమ్మంటే అప్పుడు పోవాల్సిన కొలువు. పొద్దున తలుపు తీయగానే మొదటి పని పేపర్లు విడదీయడం. ఒక్కరే పేపరంతా పట్టుకుని కూర్చోకుండా, పేజీలు వేటికవి తీసి బల్లమీద పరిచేదాన్ని. ఆటల పేజీ ఒకరు, సినిమా పేజీ ఒకరు చదువుకునేవాళ్లు. అన్నిటికంటే ముందు నలిగేది ఉద్యోగాల పేజీ. నాపబండల పాలిషింగ్‌లో పనిచేసే పిల్లలు మధ్యాహ్నం అన్నాలవేళ వచ్చి చూసిపోయేవాళ్లు. సాయంత్రానికి దాని అంచులనిండా రాతిపొడి ఉండేది.

ఆ పేజీ కోసం రోజూ వచ్చేవాళ్లలో బాలమణి ఒకతె. అసలు పేరు ఇది కాదు. కొడంగల్ దగ్గర పల్లె, గొర్రెలు కాసుకునే ఇల్లు. హైదరాబాద్ హాస్టల్లో ఉండి లైబ్రరీ కోర్సు చేసింది. నేనూ అదే కోర్సు చేశాను, నాకంటే ఆమెకే మార్కులు ఎక్కువ. పొద్దున బస్సులో తాండూరు వచ్చి, పిల్లలకు ట్యూషన్ చెప్పి, ఆ తర్వాత మా దగ్గరికి వచ్చేది. పుస్తకం దొరకనివాళ్లు కుర్చీలో ఉన్న నన్ను వదిలేసి, కిటికీ పక్కన చదువుకుంటున్న ఆమెను అడిగేవాళ్లు. "రెండో బీరువ, కింది వరుస" అనేది తలెత్తకుండానే. అక్కడే ఉండేది. నాకు ఒళ్లు మండేది. పైకి మాత్రం చెల్లె అని పిలిచేదాన్ని. పైపై పిలుపు కూడా కాదది, నిజంగానే ఇష్టం ఉండేది. ఒకే మనిషి మీద ఇష్టమూ మంటా రెండూ ఎలా ఉంటాయి అంటారా? నాకూ ఇప్పటికీ అర్థం కాదు. ఉన్నాయి, అంతే.

మా లైబ్రరీలో ఒక పర్మినెంటు పోస్టు పడుతుందని చాలాకాలంగా అంటున్నారు. పరీక్ష లేదట, కోర్సు మార్కులను బట్టే తీసుకుంటారట. అంటే బాలమణి దరఖాస్తు పెడితే ఉద్యోగం ఆమెది. ఆమె వచ్చి కూర్చుంటే నేను ఇంటికి పోవాలి. ఈ సంగతి మా ఇద్దరికీ తెలుసు. ఆమె దాని గురించి ఎప్పుడూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

ఆ కార్తీకంలో బాలమణి ఇంటివాళ్లతో అనంతగిరి జాతరకు పోయింది. ముందురోజు నా బల్ల దగ్గర నిలబడి చిన్నపిల్లలా మురిసిపోతూ చెప్పింది. అందరూ కలిసి పోవడం అదే మొదటిసారట. ఎప్పుడూ ఎవరో ఒకరు గొర్రెల దగ్గర ఆగిపోయేవారట, ఈసారి మేనమామ చూసుకుంటానన్నాడట. "నీకు గాజులు తెస్త అక్కా" అంది.

ఆమె పోయిన రోజే పడింది.

పేజీలు విడదీస్తుంటే కనిపించింది. కుడివైపు, కింద, అగ్గిపెట్టె అంత ప్రకటన. ఆ రోజుల్లో అందరి చేతుల్లో ఫోన్లు లేవు. ఆ పేపరు మా దగ్గరికి వచ్చేది ఒక్కటే. ఊళ్లో అంతమంది జనంలో ఆ ప్రకటన పనికొచ్చేది ఇద్దరికే. ఒకరు జాతరలో ఉన్నారు. ఇంకొకరు పేజీ చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నారు. చాలాసేపు ఆలోచించానని మీతో చెప్పాలని ఉంది, కాస్త మర్యాదగా ఉంటుంది. ఆలోచించలేదు. మడిచాను. టిఫిన్ డబ్బాకు చుట్టి సంచిలో పెట్టాను. రోజూ చేసే పనిలాగే చేసేశాను. ఆ తేలిక నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది. అంతకుముందే మనసులో ఎన్నిసార్లు మడిచి ఉంటే చేతులకు అంత అలవాటుగా వచ్చింది?

మధ్యాహ్నం పాలిషింగ్ పిల్లలు జాబుల పేజీ ఏదని అడిగారు. పేజీలు పోవడం మాకు కొత్త కాదు, చింపుకుపోయేవాళ్లు ఉండేవాళ్లు. "ఎవడో ఎత్కపోయిండు, వాని చేతులు పడిపోను!" అని గట్టిగా అరిచాను. దొంగే దొంగా దొంగా అని అరిచినట్టు. ఇంటికి పోయి చిరునామా రాసుకుని, పేజీని పొయ్యిలో పెట్టాను. ఆ తిట్టు నాకే తగలాలి కదా. తగల్లేదు. చేతులు నిక్షేపంలా ఉన్నాయి, ఇది రాస్తున్నది వాటితోనే.

బాలమణి జాతర నుంచి తిరిగొచ్చింది. ముందు గాజులు తీసింది. ఆకుపచ్చవి. నా చెయ్యి పట్టుకుని తనే తొడిగింది, నెమ్మదిగా, ఒక్కటి కూడా పగలకుండా. తొడుగుతూనే అడిగింది.

"రెండు దినాలు రాకపోతి అక్కా. ఏమన్న పడ్డదా?"

"ఏం పడలే. మొన్నటి పేజీ ఎవడో ఎత్కపోయిండు గని, పొద్దుగాల నేను చూసిన. ఏం లేదు."

"మనది గూడ పడలేదా? ఈ నెలల పడ్తదన్నరు గద?"

"పడితే నీకు చెప్పకుంట ఉంటనా చెల్లె?"

"నువ్వుండంగ నాకేం ఫికర్!" అని నవ్వి, కిటికీ దగ్గరికి పోయి కూర్చుంది.

ఉద్యోగం నాకొచ్చింది. తెలిశాక బాలమణి వచ్చి, "ఎప్పుడు పడ్డదక్కా?" అని అడిగింది. కోపంగా కాదు, నిజంగా అర్థంకాక అడిగింది. నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. నువ్వు జాతరకు పోయిన రోజే పడ్డదట, మూలకు చిన్నగా ఉంటే నా కంటికి ఆనలేదు, ఆఖరు రోజున హైదరాబాద్‌లో నాతో చదివినామె చెబితే తెలిసింది, నీకు కబురు చేసే వీలు లేకపోయింది అన్నాను. ఆమె నమ్మింది. కాసేపు బల్లమీద వేలితో గీతలు గీసింది. "నేనుంటే నా కంట్ల పడేదక్కా. జాతర జాతర అని ఉరికితి. నాదే తప్పు" అంది.

ఆ మాటతో నేను గట్టెక్కాను. నిజం చెప్పాలంటే ఆ క్షణం హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. అప్పటికి మా ఆయన బండల యూనిట్ మూతపడి ఉంది, నా కొలువు కూడా పోతే ఎలా అనే భయం ఉండేది. అది నిజమే. కానీ ఆ భయం ఒక్కటే అయితే ఆమె "రెండో బీరువ, కింది వరుస" అన్న మాట పేజీ మడిచేటప్పుడు నా చెవిలో ఎందుకు వినిపించింది?

తర్వాత ఆమె ఉద్యోగాల కోసం ఇంకా కొన్నేళ్లు తిరిగింది. ఒక పరీక్ష తప్పింది, ఒక ఇంటర్వ్యూ తప్పింది, వయసు దాటింది. తాండూరులోనే కందిపప్పు మిల్లులో పనికి కుదిరింది. పెళ్లయింది, ఒక బిడ్డ. నేను వికారాబాద్ వచ్చేశాను. ఇక్కడ కంప్యూటర్ ముందు కూర్చుని పుస్తకాల పేర్లు ఎక్కిస్తున్నప్పుడు చాలాసార్లు అనుకునేదాన్ని, ఈ కుర్చీలో బాలమణి ఉంటే ఏం చేసేదా అని. జనం రావడం మానేస్తే నాలా తలుపు వైపు చూస్తూ కూర్చునేదా? కూర్చోదు. పుస్తకాలు సంచిలో వేసుకుని గొర్రెల మందల దాకా పోయేదేమో. లేక నాలాగే విసిగి, ఫ్యాన్ల గురించి తగువులాడేదేమో. తెలుసుకునే దారి లేదు. ఉన్న ఒక్క దారినీ నేనే పొయ్యిలో పెట్టాను కదా.

ఇప్పుడు ఆమె బిడ్డ మా లైబ్రరీకే వస్తుంది. తాండూరు నుంచి రోజూ ప్యాసింజర్ రైల్లో. "అక్క ఉన్నది గద, నీకేం ఫికర్" అని తల్లే పంపింది. మంచి పిల్ల. కానీ ఒక సంగతి గమనించాను. జ్వరమొచ్చినా వస్తుంది. పండగనాడు తాళం వేసి ఉంటే గుమ్మం దగ్గర కూర్చుని చదువుకుని పోతుంది. దోస్తు పెళ్లికి కూడా పోలేదు. ఏమిటీ పట్టుదల అనుకున్నాను. నాకు ఆరా ఎక్కువ కదా, ఊరుకోలేను. అడిగాను.

"నాకేం పట్టుదల మేడం! మా అమ్మ పోనియ్యది" అంది. నా బల్లమీదికి వంగి, గొంతు తగ్గించి బతిమాలింది. "దోస్తులందరు అనంతగిరి జాతరకు పోతున్నరు. ఒక్క దినం. మీరు జర చెప్పుండ్రి, మీ మాటైతే ఇంటది."

జాతర జరిగే గుట్ట ఇక్కడినుంచి ఆటోలో పోయేంత దూరం. ఈ మాత్రం దానికి తల్లి వద్దంటుందా అని, ఆ పిల్ల ముందే ఫోన్ చేశాను. మిల్లు చప్పుడులో బాలమణి గొంతు పెద్దగా వినిపించింది.

"వద్దక్కా! ఒక్కసారి జాతరకు పోయి నేనేం పోగొట్టుకున్ననో నీకెరుకే గద!"

"ఎరుకే" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. పాతికేళ్లలో ఆమె మళ్లీ ఆ గుట్ట ఎక్కలేదని అప్పుడు తెలిసింది. నేను తీసుకున్నది ఉద్యోగం ఒక్కటే అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్లూ. ఇంటివాళ్లందరితో కలిసి ఆమె సంతోషంగా గడిపిన ఆ రెండు రోజులను కూడా పాపంగా మార్చి ఆమె నెత్తిన పెట్టానని, దాన్ని ఆమె బిడ్డ మోస్తోందని తెలియలేదు. ఏమన్నది మేడం అని అడిగింది ఆ పిల్ల. వద్దన్నది అన్నాను. పోయి తన చోట కూర్చుంది. పుస్తకం తెరిచింది గానీ చాలాసేపు పేజీ తిప్పలేదు.

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. ఫోన్ చేతిలోనే ఉంది. ఎందుకు చెప్పలేదు? భయమా? ఇప్పుడు ఉద్యోగం ఎవరూ తీసుకోరు. సిగ్గా? బాలమణి ఇక అక్కా అని పిలవదనా? ఇదే అయ్యుంటుంది. చేసిందంతా చేసి ఆ పిలుపు కూడా నాకే కావాలి, నా ఆశకు అంతులేదు.

ఈ రాసింది ఆమెకు చూపిస్తానో లేదో నాకు తెలియదు. ధైర్యం వచ్చిందని అబద్ధం చెప్పను, అబద్ధాలు చాలానే చెప్పాను. క్షమించమని అడిగే మొహం కూడా లేదు. కానీ గాజులు తొడుగుతూ ఆమె అడిగిన దానికి జవాబు ఒక్కసారైనా నా చేత్తో రాయాలి.

పడ్డది, బాలమణీ. నువ్వు జాతరకు పోయినందుకు పోలేదది. నేను పొయ్యిల పెట్టిన.