స్తోత్రం అనేంతసేపు

మొన్న మద్దిలపాలెంలో మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి తను రాసిన స్క్రిప్టు నడిపి చూపించింది. కీబోర్డును ఎవరూ ముట్టుకోకుండానే నల్ల తెర మీద అక్షరాలు పడుతున్నాయి, ఎంటర్ దానంతటదే నొక్కుకుంటోంది. మౌసు అక్కర్లేని పాతకాలపు ప్రోగ్రాములను పరీక్షించడానికి ఇదే పద్ధతి. మనిషి కొట్టాల్సిన కీలన్నీ కంప్యూటరే కొట్టినట్టు నటిస్తుంది, తెర మీద సరైన జవాబు వచ్చిందో లేదో అదే చూసుకుంటుంది. "మధ్యమధ్యలో ఆగమని ఈ వెయిట్‌లెందుకు సార్, తీసేత్తే తొరగా అయిపోద్ది కదా" అని అడిగిందా అమ్మాయి. టీ తాగొస్తానని చెప్పి కిందికి దిగిపోయాను. వయసు మీరినవాళ్లకున్న సౌకర్యాల్లో ఇదొకటి, అడిగిన వెంటనే జవాబు చెప్పక్కర్లేదు. టీ చేతికొచ్చేలోపు మా పిన్ని గుర్తొచ్చింది.

పిన్ని అంటే మా అమ్మ చెల్లెలు. పోర్టు దగ్గర సరుకు ఎత్తించే ఒక ప్రైవేటు కంపెనీలో, లారీల తూకాలు కంప్యూటర్లో ఎక్కించే ఉద్యోగం. ఆ గది కిటికీ ఎంత బిగించినా ఇనప ఖనిజం ఎర్రదుమ్ము లోపలికొచ్చి కూర్చునేది. పాత చీర ముక్కతో ఉదయం కీబోర్డు తుడుచుకుని గాని పిన్ని పని మొదలుపెట్టేది కాదు. తుడిచీ తుడిచీ దాని మీద అక్షరాలన్నీ చెరిగిపోయాయి. ఇంకెవరూ దాన్ని కొట్టలేరు కాబట్టి ఆవిడ ఉద్యోగానికి ఢోకా లేదని బాబాయి వేళాకోళం చేసేవాడు. ఆవిడకు ఇంకో అలవాటుండేది. ఒక లారీ తూకం కొట్టి ఎంటర్ నొక్కగానే "స్తోత్రం" అని గొణిగి, అప్పుడు తర్వాతి లారీకి వెళ్లేది. లారీకొక స్తోత్రం. రోజు మొత్తం మీద చూస్తే పాస్టరుగారికన్నా ఈవిడే ఎక్కువసార్లు అని ఉంటుంది. భక్తి అనుకున్నాం అందరం. ఆవిడా అలాగే అనుకుంది.

ఇంతలో కొత్త మేనేజరు వచ్చాడు. మర్యాదస్తుడే. "ఇది ఆఫీసమ్మా, ప్రార్థన ఇంటి దగ్గర చేసుకోండి" అన్నాడు. పిన్ని నోరు మూసుకుంది. సరిగ్గా ఆ వారం నుంచే తప్పులు మొదలయ్యాయి. ఒక లారీ తూకం వెళ్లి దాని పైనున్న లారీ వరసలో పడేది. గేటు దగ్గర బళ్లు ఆగిపోయి, డ్రైవర్లు కిటికీ దగ్గరకొచ్చి కేకలేసేవాళ్లు. మేనేజరు పిన్నిని ఫోన్ల దగ్గర కూర్చోబెట్టి, ఆ సీటు ఇంకొకాయనకిచ్చాడు. ఆయన కొత్త కీబోర్డు తెప్పించుకుని, ఒక్క వేలితో అక్షరాలు వెతుక్కుంటూ కొట్టేవాడు. ఆ నెమ్మదికి ఒక్క తప్పూ రాలేదు. దాంతో తప్పంతా పిన్నిదేనని ఖాయమైపోయింది.

ఇంటికొచ్చి చేతులు చూసుకుంటూ కూర్చునేది. కళ్ల డాక్టరుకు చూపించుకుంది, ఎవరో చెబితే బలం మాత్రలు మింగింది. "సాల్లేరా, నాను మానేత్తాను. తిట్లు తిని పొమ్మనిపించుకోడం కన్నా నాకు నానే ఎల్లిపోడం మేలు కదా" అంది. రిటైరవడానికి మూడేళ్లుందప్పటికి. రాజీనామా రాసి బైబిల్లో పెట్టుకుంది. నాకు చాలా బాధగా ఉండేది, చెయ్యగలిగిందేమీ కనిపించేది కాదు.

అదే సమయంలో ఆ కంపెనీ వాళ్లు పాత ప్రోగ్రామును కొత్త మిషను మీదికి మార్చాలని, ముందు దాన్ని పరీక్షించే పని మా ఆఫీసుకిచ్చారు. నేను వెళ్లి పిన్ని కుర్చీలోనే కూర్చుని స్క్రిప్టు నడిపాను. తూకాలు చకచకా పడుతున్నాయి. కాసేపటికి చూద్దును కదా, ఒక తూకం వెళ్లి పై లారీ వరసలో పడి ఉంది. మళ్లీ నడిపితే మళ్లీ అంతే. చెయ్యే లేని స్క్రిప్టు మా పిన్ని తప్పు చేస్తోంది.

మరి అన్నేళ్లు ఈ తప్పు ఎందుకు రాలేదు? పిన్నిని పిలిచి కొట్టమన్నాను. నాలుగో లారీకే తప్పింది. "సూసేవా, ఇదీ నా బతుకు" అంది.

"ఇలా కాదు పిన్నీ, ఇదివరకు ఎలా కొట్టేదానివో అలా కొట్టు."

మేనేజరు గదికేసి ఒకసారి చూసి, తూకం కొట్టి, ఎంటర్ నొక్కి, పెదవి కదలనట్టే "స్తోత్రం" అంది. తర్వాతి లారీ. మళ్లీ స్తోత్రం. ఎన్ని కొట్టినా తప్పలేదు. అప్పుడు తెలిసింది. ఎంటర్ నొక్కగానే ఎక్కిందని తెర చెప్పేస్తుంది గాని, కర్సరు కింది వరసలోకి దిగడానికి చిటికెడు సమయం పడుతుంది. ఈలోగా కొట్టిందంతా పాత వరసలోనే పడుతుంది. ఆ చిటికెడు సమయమూ స్తోత్రంలో గడిచిపోయేది. స్క్రిప్టులో అంతసేపు ఆగమని రాసి, ఆ ఆగడానికి స్తోత్రం అనే పేరు పెట్టాను. సాయంత్రం దాకా నడిపినా ఒక్క తప్పు రాలేదు. మేనేజరు వెనక నిలబడి అంతా చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని, "రేపట్నుంచి మీ సీట్లో కూర్చోండమ్మా" అన్నాడు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి, "మీరు అనుకునేది అనుకోండి, పర్లేదు" అన్నాడు.

నా బండి మీద ఇంటికి వెళుతుంటే, "ఎంతసేపేటి ఆగాలది?" అని అడిగింది.

"సెకను కూడా లేదు పిన్నీ."

కాన్వెంటు జంక్షను దాటాం. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి, "అయితే నా ఏళ్లకేటీ అవలేదన్నమాట" అంది.

మా వైపు వేళ్లను కూడా ఏళ్లే అంటాం. చేతివేళ్ల గురించే అంటోందని ఆ రోజు బండి నడుపుతూ అనుకున్నాను. ఇప్పుడు నాకూ ఆ వయసే వచ్చింది. ఆవిడ అన్నది ఆ కుర్చీలో గడిచిన ఏళ్ల గురించి కూడానేమో అనిపిస్తోంది.