రన్‌వే కిందికి వెళ్ళిన మా అరికెల చేను

మా ముత్తాతగారు విజయనగరం నుంచి రైలు కట్టలు వేయించే గుత్తేదారుగా ఈ రాయ్‌పూర్ వచ్చారు. ఆయన కొడుకు, అంటే మా తాతగారు, మానా దగ్గర ఒక ఊరికి మాలుగుజారు. ఆ ఊరి శిస్తంతా ఆయన చేతిమీదుగానే సర్కారుకు వెళ్ళేది, ఆయన గుర్రబ్బండి వస్తుంటే రైతులు దారి దిగి నిలబడేవారు. ఆ వంశంలో మిగిలినవాణ్ణి నేను. మొన్న మా కాలనీవాళ్ళు వచ్చి, విమానాశ్రయాన్ని ఇంకా పెంచుతారట, చప్పుడు పెరుగుతుంది, పాతకాపులు కదా మీరేమంటారని అడిగారు. పెంచనివ్వండి అన్నాను. వాళ్ళు ఆశ్చర్యపోయారు కాని, ఒకప్పుడు ఆ మైదానం పెరగబట్టే మా ఇల్లు తలెత్తుకుని నిలిచిందని వాళ్ళకెలా తెలుస్తుంది!

నేనప్పుడు రైల్వేలో కొత్తగా చేరిన గుమాస్తాని. మాలుగుజారీలు రద్దయి, ఊరు చేజారి, మాకు మిగిలిందల్లా విమానాల మైదానం పక్కన కాస్త ఎర్ర గులకరాళ్ళ నేల. ఇక్కడివాళ్ళు అలాంటిదాన్ని భాటా అంటారు. అరికెలు తప్ప మరేమీ పండవు. దాన్ని అమ్మనని నాన్నగారి దగ్గర తాతగారు పోయేముందు మాట తీసుకున్నారు. అమ్మకపోతే ఇల్లు గడిచేలా లేదు. పైగా కొనడానికి కాచుకున్నవాడు ఒక్కడే, తాతగారి ఎదుట చాపమీద కూర్చుని లెక్కలు రాసిన మా పాత మునీము. ఆదివారం ఆదివారం వచ్చి, వరండాలో ఎంతో వినయంగా నిలబడి, నేల ఊసెత్తకుండా అందరి ఆరోగ్యాలూ అడిగి వెళ్ళేవాడు. ఆ వినయమే నాన్నగారికి నిద్ర లేకుండా చేసింది.

అలాంటి రోజుల్లో, పెద్ద విమానాలు దిగడానికి మైదానం చాలడం లేదని నాగపూరు నుంచి ఒక మరాఠీ ఆఫీసరు వచ్చి ఎర్రజెండాలు పాతించాడు. అవి సరిగ్గా మా చేను మధ్యనుంచి వెళ్ళాయి. సర్కారు తీసుకుంటే అది అమ్మకం కాదు, మాట తప్పినట్టూ కాదు. ఆ పూట నాన్నగారు చాలా కాలానికి మారు అన్నం పెట్టించుకున్నారు.

అయితే మా ఇళ్ళలో ఒక పద్ధతి ఉంది. అడగ్గానే సరేననడం ఆశపోతుల లక్షణం. వడ్డనలోనైనా, ఇచ్చిపుచ్చుకోవడంలోనైనా మొదట వద్దనాలి, రెండోసారి అడిగాక ఒప్పుకోవాలి. ఆఫీసరు నేల అడగడానికి మా ఇంటికి వచ్చినప్పుడు నాన్నగారు జరీ తలపాగా చుట్టుకుని, ఆయన్ని తాతగారి నగిషీ కుర్చీలో కూర్చోబెట్టి, ఆ నేలకూ మా వంశానికీ ఉన్న బంధాన్ని ఎంత గంభీరంగా వర్ణించారంటే, అంతా తెలిసిన నాకే కళ్ళు చెమర్చాయి. ఆఫీసరు పాపం మంచివాడు. లేచి నమస్కరించి, ఇంత ప్రాణప్రదమైన నేలను తాకబోమని, జెండాలు అవతలికి జరిపిస్తానని అనేశాడు. రెండోసారి అడగనే లేదు. తీసుకోండని నాన్నగారు ఎలా బతిమాలగలరు?

లోపలినుంచి ఇదంతా విన్న మా నాయనమ్మ, వేళకు వచ్చినవాడు భోంచేయకుండా కదలడానికి వీల్లేదంది. మోదుగాకు విస్తళ్ళు వేసి, నాన్నగారినీ పక్కనే కూర్చోబెట్టి, తనే వడ్డించింది. ఆఫీసరు కాసేపటికి చాలమ్మా అన్నట్టు విస్తరిమీద చెయ్యి అడ్డంపెట్టి, “బస్ మాజీ, బస్” అన్నాడు. నాయనమ్మ ఆ చెయ్యి పక్కకు నెట్టి ఇంకో గరిటెడు పప్పు వేసి, ఇక్కడికి వచ్చి యాభై ఏళ్ళయినా విజయనగరం వాసన వదలని తన హిందీలో చెప్పింది.

“మా ఇంట్లో మొదటి వద్దుకు లెక్కలేదు బాబూ. మావాడి మాటా అంతే. ఇంకోసారి అడిగి చూడు.”

నాన్నగారి చెవులు ఎర్రబడ్డాయి. తల విస్తరిలోకి వంచుకున్నారు. ఆఫీసరు ఆయన్నీ, గరిటెనూ మార్చి మార్చి చూశాడు. భుజాలు కదిలేలా నవ్వు వస్తున్నా అణచుకుని, మాలుగుజారు సాహెబు పెద్దమనసు చేసుకోవాలని, దేశం కోసం మళ్ళీ అడుగుతున్నానని వేడుకున్నాడు. నాన్నగారు మర్యాదకు తగినంతసేపు ఆగి, మీరింతగా అడిగితే కాదనలేమన్నారు. ఆ మధ్యాహ్నం ఆయన పడుకుని గురకపెట్టడం విని అమ్మ వంటింట్లో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాతి ఆదివారం మునీము వచ్చాడు కాని, ఎవరి ఆరోగ్యమూ అడగలేదు.

ఇప్పుడు అంతా తొందర. ఎవరూ ఏదీ రెండోసారి అడగరు, బతిమాలించుకునే తీరిక ఎవరికీ లేదు. అందుకే కాబోలు కాలనీవాళ్ళకు నేనూ మొదటి మాటకే సరేననేశాను. విమానం మా డాబామీదుగా కిందికి దిగుతున్నప్పుడు అందరూ చెవులు మూసుకుంటారు. నాకు మాత్రం మా అరికెల చేను గుర్తొచ్చి గుండె తేలికపడుతుంది. ఆ చేను మేము అమ్మలేదు. పరిహారం చేతికి రావడం ఆలస్యమైతే, తాతగారి నగిషీ కుర్చీ అమ్మాం. కొన్నది మునీమే.