మాడు మీద చెయ్యి

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మాది ఆళ్లగడ్డ. నెలలు నిండకముందే నంద్యాల ఆసుపత్రిలో నాకు కవలలు పుట్టారు. బాబు దక్కలేదు. వాణ్ణి మట్టిలో పెట్టి మా ఆయన తిరిగొచ్చిన సాయంత్రమే పాపకు తల స్కాన్ తీసి, మెదడులో రక్తం కారిందని చెప్పారు. ఆ తర్వాత డాక్టరమ్మ ఏం చెప్పిందో నా చెవికెక్కలేదు.

పసిబిడ్డల నడినెత్తిన ఎముక ఇంకా మూసుకోని మెత్తటి చోటు ఉంటుంది, మనం మాడు అంటామే, దాని మీదే పరికరం ఆనించి లోపల చూస్తారు. ఇంటికొచ్చాక కూడా నేను ఆ చోటు ముట్టుకోలేదు. మాడు కొట్టుకుంటుంటే లోపల మళ్లీ రక్తం వస్తోందేమోనని చూపు తిప్పుకునేదాన్ని, “ప్రభువా, వాణ్ణి తీసుకున్నావు, ఈ రిపోర్టులో ఆ ఒక్క మాట తుడిచెయ్యి” అని ఏడ్చేదాన్ని.

మళ్లీ స్కాన్‌కు వెళ్లినప్పుడు మా అమ్మ కూడా వచ్చింది. రక్తం చాలావరకు కరిగింది, చిన్న మచ్చ మిగిలింది. డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకొని మొదటినుంచి చెప్పింది. “నెలలు తక్కువ బిడ్డల్లో అక్కడి రక్తనాళాలు సున్నితం. కొద్దిగా కారిన రక్తం చాలామందిలో దానంతటదే కరుగుతుంది. స్కాన్ ఒక్కటే చూసి పాప రేపు ఎట్లుంటుందో చెప్పలేమమ్మా. మెడ నిలపడం, కూర్చోవడం చూసుకుంటూ పోదాం.”

మా అమ్మ అందుకుంది. “అయితే మాడుకు ఆముదం పెట్టొచ్చా తల్లీ? నా కూతురు నన్ను ముట్టనీదు. బిడ్డ తలకాయా, కోడిగుడ్డా?”

డాక్టరమ్మ నవ్వి, “అదమకుండా మెల్లగా రాయండి” అంది.

మరునాడు స్నానం చేయించాక అమ్మ నా అరచేతిలో ఆముదం పోసి, “పెట్టుమే, ఏందట్ల చూస్తాండావ్?” అంది. పెట్టాను. నా చేతి కింద మాడు నెమ్మదిగా కొట్టుకుంటోంది. “ప్రభువా, ఈ బిడ్డ నీది” అని మాత్రం అనగలిగాను. పాప అట్లే నిద్రపోయింది. అంతకాలం నన్ను పట్టుకున్న భయం అక్కడే వదిలింది, దేవునికే మహిమ!

మచ్చ మాయమైందని నేను చెప్పడం లేదు. పాప ఆలస్యంగా కూర్చుంది, ఇప్పుడు గోడ పట్టుకొని నడుస్తోంది, ఎడమ కాలు కాస్త బిగుసుకుంటే వ్యాయామం చేయిస్తున్నాం. బాబు కోసం ఇప్పటికీ ఏడుస్తాను, ప్రభువు అందుకు నన్ను గద్దించలేదు. మీలో ఎవరైనా ఇలాంటి రిపోర్టు పట్టుకొని కూర్చుని ఉంటే, అర్థం కానిది డాక్టరును మళ్లీ అడగండమ్మా, మోయలేనిది ప్రభువుకు చెప్పండి. బిడ్డ తల మీద చెయ్యి పెట్టి చెప్పండి.