పాప కొట్టిన సైరన్

ఎనభైల్లో సారపాకలో, మిల్లు క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. ఏడేళ్ల మా పాపకు చూపు లేదు, చేతులు మాట వినవు. ఎలక్ట్రీషియన్ అయిన మావారు, అరచెయ్యి ఆనిస్తే రేడియో మోగేలా ఒక చెక్కకు స్విచ్చి బిగించారు. ఆరు నెలలైనా నేను పట్టుకుని నొక్కిస్తేనే నొక్కేది. పాపకు షిఫ్టు సైరనంటే సరదా కదా అని, ఒకరోజు రేడియో తీసేసి మిల్లులో పక్కన పడేసిన పాత సైరన్ తగిలించి ఆయన డ్యూటీకి వెళ్లారు.

మధ్యాహ్నం పెరట్లో బట్టలు ఉతుకుతుంటే సైరన్ మోగింది. లోపలికి పరుగెత్తాను. పాప చెయ్యి చెక్క మీదుంది! బయట మగవాళ్లంతా షిఫ్టు టైమైందనుకుని టిఫిన్ క్యారియర్లతో ఉరుకుతున్నారు. సిగ్గుతో చచ్చిపోతూ పక్కింటి యాకూబ్ అన్నను ఆపి సంగతి చెప్పాను. ఆయన అందరికీ వినబడేలా కేక వేశాడు.

"ఏందీ, మన పాప కొట్టిందా? మల్ల కొట్టు బిడ్డా! ఉరుకుడుల సరిగ్గ వినలే."

పాప మళ్లీ కొట్టింది. ఈసారి అందరూ క్యారియర్లతో అలాగే నిలబడి విన్నారు.

తనంతట తాను కదలదనుకున్న చెయ్యి మా వీధినంతా ఉరికించిన రోజది.