ఒంటిమనిషి ఎత్తగల కట్ట

గడ్డిని గుండ్రంగా చుట్టి కట్టే మిషను పాతదొకటి కొందామని మైదుకూరు పోయాను. మా వైపు బేరానికి ఎవరూ ఒంటరిగా పోరు. పాత సైకిలు కొన్నా ఇద్దరు వెంట ఉండాల్సిందే, ఒకరు వంకలు పెట్టడానికి, ఇంకొకరు సర్దిచెప్పడానికి. నేను మాత్రం పత్తికొండలో ఒక్కడినే బస్సెక్కాను.

మిషన్లు అమ్మే ఆయన షెడ్డు ముందు నిలబడి నా వెనక్కి చూశాడు. "ఎంతమందొచ్చినారప్పా?"

"నలుగురం. వాళ్లు ఆడ టీ తాగుతాండారు," అన్నాను. యాభై దాటిన మనిషిని, ఇంత చిన్నదానికి అబద్ధమాడాను. సిగ్గనిపించింది.

అసలు ఈ మిషను ఆలోచన తమ్ముడి మీద పంతంతో మొదలైంది. మా ఊర్లో కొర్రగడ్డి వామి వేయాలంటే తక్కువలో తక్కువ ఆరుగురు కావాలి. కింద నుంచి అందించేవాళ్లు, పైన తొక్కేవాళ్లు. మీ వామికి మేము, మా వామికి మీరు. ఈ మార్పిడి పనిని ముయ్యి అంటాం. మూడేళ్ల కిందట నా వామి మీద నిలబడి తమ్ముడు, "మాయన్నకు వామి అడుగెయ్యను గూడ రాదు," అన్నాడు. నవ్వులాటకే అన్నాడు. నాకేమో ముక్కు మీద కోపం. "అయితే దిగు. ఇంగ నా వామికి ఎవురూ రావద్దు," అనేశాను.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. ఆ తర్వాత రెండేళ్లూ ఒక్కడినే కుప్పేసిన గడ్డి సగం వానకు నాని బూజుపట్టింది. పెళ్లి చేసుకోనివాణ్ణి, ఇంట్లో నేనూ రెండు ఎనుములూ. మేత లేకపోతే అవీ సంతకు పోతాయి. అప్పుడు ఇంట్లో నా ఊపిరి నాకే వినబడుతుంది. ఎవరినీ పిలవకుండా గడ్డి ఇంటికి చేర్చాలి, ఎనుముల్ని నిలుపుకోవాలి. నాకు కావలసిందల్లా అదే.

షెడ్డులో రెండు మిషన్లున్నాయి. పెద్దది కొత్త రంగుతో నిగనిగలాడుతోంది. తాళంచెవితో గీకితే రంగు కింద అన్నీ వెల్డింగు అతుకులే. చిన్నది తుప్పు పట్టి ఉంది గానీ, రోలర్లు చేత్తో తిప్పితే గరగరమనకుండా తిరిగాయి.

"పెద్దది తీస్కోప్పా. కట్టలు తక్కువైతాయి. ఇద్దరు పట్టుకుంటే ట్రాలీకెక్కుతాది."

"ఒక్కడే ఎత్తాలంటే?"

ఆయన నా మొహంలోకి చూశాడు. టీ తాగుతున్నవాళ్ల సంగతి మళ్లీ అడగలేదు. చిన్నదాన్ని ట్రాక్టరుకు తగిలించి పక్క మడిలో వరిగడ్డి మీద నడిపాడు. ఐదు కట్టలు చుట్టించాను. దారం ఒక్కసారీ తెగలేదు. ఒక కట్టను భుజానికెత్తుకుని షెడ్డు దాకా నడిచాను. నడుము ఒప్పుకుంది. అదే తీసుకుని లారీకెక్కించాను.

ఈ ఏడు కొర్ర కోత అయ్యాక, నా పాత ట్రాక్టరుతో మధ్యాహ్నానికల్లా చేనంతా చుట్టేశాను. పొద్దుగూకేసరికి కట్టలన్నీ కొట్టంలో పేర్చాను. ఎవరినీ పిలవలేదు. గెలిచాననుకున్నాను. ఆ మాట చెప్పుకుందామంటే ఎనుములు తప్ప ఇంకెవరున్నారు?

మర్నాడు పక్క చేలో తమ్ముడి వామి లేస్తోంది. ఏడెనిమిది మంది ఉన్నారు. ఎవరో ఏదో అన్నారు, అందరూ నవ్వారు. గట్టు మీద నిలబడి చూస్తుంటే నాకు ఏడుపొచ్చినంత పనైంది. మిషను నా పని తీర్చింది గానీ మనుషుల మీద బెంగ తీర్చలేదు. పంతం పక్కన పెట్టి, తలగుడ్డ బిగించుకుని వామి దగ్గరికి పోయాను.

"నువ్వు దిగు, పైన నేను తొక్కుతా," అన్నాను.

తమ్ముడు పని ఆపి కిందికి చూశాడు. "వద్దులేన్నా. నువ్వొచ్చి చేస్తే మేము నీకు తిరిగి ముయ్యి రావాల. నీకేమో మిషనుండాది. యాడ తీర్చేది మేము?"

కోపంగా అని ఉంటే నేనూ నాలుగు మాటలు అనేవాణ్ణి. మర్యాదగానే అన్నాడు.