రోగుల జాబితాలో ఒక ఆరోగ్యవంతురాలు

డైరీ రాయడం నాకు ఉద్యోగంతో పాటు అంటుకుంది. ఓడల టికెట్ల కౌంటరులో చేరిన రోజున మొదలుపెట్టాను, రిటైరైన రోజున కూడా ఆపలేదు. ఏ ఓడ ఎన్నింటికి వచ్చింది, వాన పడిందా లేదా, ఆదివారం ప్రసంగం దేని మీద, ఎంతసేపు. ప్రసంగం నిడివి నేను రాసుకుంటానని పాస్టరుగారికి తెలియదు.

సముద్రం అడుగునుంచి కేబుల్ వచ్చేదాకా మా దీవుల్లో ఇంటర్నెట్ అంటే ఓపికకు పరీక్షే. ఒక పేజీ తెరుచుకునేలోపు టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించేవాణ్ణి. కేబుల్ వచ్చాక మిన్నీ బేలో మా ఇంటి వరండాలో కూడా పేజీలు టక్కున తెరుచుకోసాగాయి. అప్పుడు మనవరాలు తన పాత ట్యాబ్ నా చేతిలో పెట్టింది.

"తాతా, వాట్సాప్‌లో వచ్చే బక్వాస్ అంతా అందరికీ పంపకు. నీకు రెండు అచ్ఛా సైట్లు వెతికిపెట్టాను. ఒకటి ఖుషీ న్యూస్. రెండోది చర్చీలది. నువ్వు చర్చి సెక్రటరీవి కదా, పనికొస్తుంది."

మొదటి సైటులో మంచి వార్తలు తప్ప వేరేవి ఉండవు. ఎక్కడో ఒక ఊరివాళ్లంతా కలిసి ఎండిపోయిన వాగును బతికించారు. ఇంకెక్కడో ఒక బస్సు డ్రైవరు తన బస్సులో వచ్చే చెవిటి పిల్లల కోసం సైగల భాష నేర్చుకున్నాడు. వీటిని ఆకుపచ్చ సిరాతో డైరీలోకి ఎక్కించి, ఆదివారం ప్రకటనలు చదివేటప్పుడు వారానికొకటి వినిపించసాగాను. డైరీ ఫార్మ్ అనే పేటలోని మా తెలుగు చర్చి సంఘం వాళ్లకు అది బాగా నచ్చింది. పాస్టరుగారైతే, "బాగుంది బ్రదర్, క్లుప్తంగా ఉంది" అన్నారు. ఆయన నోట ఆ మాట రావడమే వింత కాబట్టి దాన్ని కూడా డైరీలో రాసుకున్నాను.

రెండో సైటు నడిపేవాళ్లు కూడా మాలాగే చర్చి సంఘస్థులే. సంఘాన్ని నడిపేవాళ్లు సంఘానికి జవాబు చెప్పాలన్నది వాళ్ల మాట. అందుకు సభ్యులు వేసుకోవలసిన ప్రశ్నలు వరసగా ఇచ్చారు. వాటిని ఎర్ర సిరాతో రాసుకుని, పక్కనే జవాబులు రాయడం మొదలుపెట్టాను. ప్రతి జవాబూ పాస్టరుగారి మీదే పడింది. అంత సంతోషంగా నేను ఏ ఫారమూ నింపలేదు.

తరువాత ఈ ప్రశ్న వచ్చింది: "మీ సంఘంలో ప్రశ్న అడిగిన వారికి ఆ తరువాత ఏమైంది?"

మా సంఘంలో కమిటీ ఎన్నిక ఎలా జరుగుతుందో ముందు చెప్పాలి. వార్షిక సమావేశం చివర పాస్టరుగారు ప్రార్థన చేస్తారు. అందరం కళ్లు మూసుకుంటాం. ప్రార్థన మధ్యలో ఆయన, "ఈ ఐదుగురినే ఈ ఏడు కూడా వాడుకో ప్రభువా" అంటారు. అందరూ ఆమేన్ అంటారు. నేను మినిట్స్ పుస్తకంలో "కమిటీని ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు" అని రాస్తాను. ఆ ఐదుగురిలో నేనొకణ్ణి.

తొమ్మిదేళ్ల కిందట ఒకామె కళ్లు తెరిచింది. ఆస్పత్రిలో నర్సు, సండే స్కూలు టీచరు. మా సంఘంలో సగం మందికి సూది వేసిన చెయ్యి ఆమెది. ఆమేన్‌కు ముందే లేచి, "పాస్టరుగారూ, ఇది ప్రార్థనా, ఎలక్షనా?" అని అడిగింది.

ఆ వారమే ఆమె చేతిలోంచి సండే స్కూలు తీసేశాం. ఆ రోజు నా డైరీలో ఇలా ఉంది: "ప్రశ్న అడిగినందుకు తీసేశాం. నేనూ చెయ్యెత్తాను." అదే రోజు మినిట్స్‌లో: "అనారోగ్య కారణంగా తప్పుకున్నారు. సంఘము ఆమె కొరకు ప్రార్థించును." రెండూ నా దస్తూరీయే. రెండూ గుండ్రంగా, తప్పుల్లేకుండా ఉన్నాయి.

మినిట్స్‌లో అనారోగ్యం అన్నాక ఆమె పేరు రోగుల ప్రార్థన జాబితాలోకి ఎక్కింది. ఆ జాబితాలోంచి పేరు తీయాలంటే మనిషి కోలుకున్నానని సంఘం ముందు సాక్ష్యం చెప్పాలి, లేదా పోవాలి. లేని జబ్బు తగ్గిందని ఆమె ఎలా చెబుతుంది? తొమ్మిదేళ్లుగా ప్రతి ఆదివారం ఆ పేరు చదువుతున్నది నేనే.

ఆ ప్రశ్న చదివిన మర్నాడు అప్పటి డైరీ, మినిట్స్ పుస్తకం సంచిలో పెట్టుకుని బ్రూక్షాబాద్‌లో ఆమె ఇంటికి వెళ్లాను. ఆమె పెరట్లో చేపలు తోముతోంది.

"ఏటన్నా, ఇంటికొచ్చి ప్రార్థన చేస్తావా ఏటి?"

డైరీ తెరిచి చూపించాను. చేతులు తుడుచుకుని నిలబడే చదివింది. మినిట్స్ కూడా చదివింది.

"నాకేటి జబ్బో ఇందులో కూడా రాయలేదేటి? తొమ్మిదేళ్ల నుంచీ అడుగుదామనుకుంటున్నాను."

నవ్వబోయాను. ఆమె నవ్వలేదు.

"క్లాసు పోయింది, ఠీక్ హై. కానీ జబ్బు పేరు రాయలేదు నువ్వు. దాంతో ఎవరికి తోచింది వాళ్లు అనుకున్నారు. పిల్లలు నా దగ్గరికి పరిగెత్తుకొస్తే తల్లులు వెనక్కి లాగేవోళ్లు, అంటుకుంటాదని. నర్సుని అన్నా, నేను. నాకు తెలీదా ఆ లాగడం?"

"ఇప్పుడేం చెయ్యమంటావమ్మా?"

"నీ నోటితో చదివావు. నీ నోటితోనే తీసెయ్యి. అందరి ముందూ."

శనివారం మినిట్స్ పుస్తకంలో ఆ పాత వాక్యం కింద జరిగింది జరిగినట్టు ఎర్ర సిరాతో రాసి సంతకం చేశాను. ఆదివారం మంచి వార్త చదివే సమయంలో లేచి నిలబడ్డాను. ధైర్యం కొంచెం తక్కువైంది. "ఈ వారం మంచి వార్త మన సంఘంలోదే. మన సోదరి పూర్తి ఆరోగ్యంతో ఉన్నారు" అన్నాను.

"హల్లెలూయా!" అన్నారు పాస్టరుగారు. "తొమ్మిదేళ్ల ప్రార్థన!"

చప్పట్లు మోగాయి. ముందు వరసలో ఒకావిడ కళ్లు ఒత్తుకుంది. అందరూ అంత సంతోషంగా ఉంటే అక్కడితో ఆపేయడమే మర్యాద అనిపించింది. ఒప్పుకుంటాను, సగం కూర్చున్నాను కూడా.

వెనక బల్ల నుంచి ఆమె గొంతు వినిపించింది. "కూర్చోకన్నా. ఇంకా అవలేదు."

లేచి డైరీలోని ఆ రెండు వాక్యాలు చదివాను. ఆమెకు ఏ జబ్బూ లేదని, జబ్బు నేను రాసిందని చెప్పాను. వెంటనే పాస్టరుగారు, "ప్రార్థన చేద్దాం, అందరూ కళ్లు మూసుకోండి" అన్నారు. ఎంతమంది మూసుకోలేదో చూద్దామని నేనూ తెరిచే ఉంచాను. చాలామందే కనిపించారు. అందరూ గబగబా నావైపు నుంచి చూపు తిప్పుకున్నారు.

తరువాతి ఆదివారం ప్రకటనలు వేరొకరు చదివారు. నాకు విశ్రాంతి అవసరమని కమిటీ భావించిందట. రోగుల జాబితాలో ఆమె పేరు లేదు. చివర్లో కొత్త పేరొకటి వినిపించింది. అది నాది. జబ్బేమిటో చెప్పలేదు.

ఆరాధన అయ్యాక ఆమె చుట్టూ ముగ్గురు నలుగురు పిల్లలు మూగారు. తల్లులు పక్కనే ఉన్నారు, ఎవరూ లాగలేదు. ఆ గుంపులోంచే నన్ను చూసి కేకేసింది.

"ఏటన్నా, ఒంట్లో ఎలాగుంది?"

ఆ రోజు డైరీలో రాసుకున్నాను: "వాన లేదు. ప్రసంగం యాభై నిమిషాలు. ఒంట్లో బాగానే ఉంది."